మన చల్కా నేలలో మన్నే రైడింగ్ మూవర్‌ను ఎంచుకోవడం ఎలా

విజయవాడ హైవే మీద చౌటుప్పల్, చిట్యాల, నార్కట్‌పల్లి వైపు వెళ్లినా, బెంగళూరు హైవే మీద షాద్‌నగర్, బాలానగర్, జడ్చర్ల వైపు వెళ్లినా రోడ్డుకు రెండు పక్కలా ఫామ్‌హౌస్‌ల కాంపౌండ్ గోడలు కనబడతాయి. ఎకరమో రెండెకరాలో కొని, మధ్యలో ఇల్లు కట్టుకుని, ముందర లాన్ వేసుకున్నవాళ్లు చాలామందే ఉన్నారు. మొదటి వానాకాలం రాగానే అందరిదీ ఒకటే టెన్షన్. గడ్డి ఎవరు కోయాలి? కూలీలు దొరకరు. దొరికినా బ్రష్ కట్టర్ భుజాన వేసుకుని ఎకరం కోయాలంటే రోజుల తరబడి సాగే పని, పైగా కోసిన చోటల్లా గడ్డి ఎగుడుదిగుడుగా మిగులుతుంది. అప్పుడు యూట్యూబ్‌లో అమెరికా వీడియోలు కంటపడతాయి. మనిషి దర్జాగా సీటు మీద కూర్చుని, స్టీరింగ్ తిప్పుకుంటూ, గంటలో ఎకరం కోసేస్తుంటాడు. మనమూ అలాంటి రైడింగ్ మూవర్ ఒకటి తెచ్చుకుంటే పోలా అనిపిస్తుంది.

తెచ్చుకోవచ్చు. అయితే ఆ వీడియోల్లో చెప్పే సలహాలు రాళ్లు ఏరేసిన మెత్తటి నేలకు, డీలర్ దగ్గర్లోనే ఉండే దేశానికి సరిపోయేవి. మనకు గులకరాళ్ల ఎర్ర చల్కా ఉంది, మే నెలలో 44 డిగ్రీల ఎండ ఉంది, గట్ల మీద సర్కారు తుమ్మ ఉంది, బంకులో 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్ ఉంది. ఈ నాలుగింటి వల్ల మిషన్‌లో ఏ భాగం ముందు దెబ్బతింటుందో తెలుసుకుంటే, ఏది కొనాలన్నది సగం తేలిపోతుంది. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. బ్రోచర్ మీద పెద్ద అక్షరాల్లో వేసే హెచ్‌పీని అన్నిటికంటే చివర చూడాలి. గేర్‌బాక్స్ ఏది, డెక్ (కోత బ్లేడ్ల మీద ఉండే రేకు కవచం) ఎలాంటిది, స్పేర్ పార్టులు ఎక్కడ దొరుకుతాయి అన్న మూడు ప్రశ్నలే మిషన్ మన్నికను తేలుస్తాయి.

ముందు గజాల లెక్క

అసలు మీకు రైడింగ్ మూవర్ అవసరమా అన్నది తేల్చుకోవడానికి చిన్న లెక్క చాలు. కోత వెడల్పును వేగంతో గుణించి, అందులో నాలుగో వంతు తీసేయాలి. మలుపులకు, చెట్ల చుట్టూ తిరగడానికి, ఒక వరస మీదికి ఇంకో వరస కొంచెం ఎక్కించి కోయడానికి అంత పోతుంది. వెనక నుంచి తోసుకుంటూ నడిపే 21 అంగుళాల మూవర్ వెడల్పు 53 సెంటీమీటర్లు. గంటకు 4 కిలోమీటర్ల నడకతో అది 2,100 చదరపు మీటర్లు తిరుగుతుంది. నాలుగో వంతు తీసేస్తే 1,600 దాకా మిగులుతుంది. గుంట అంటే 121 గజాలు, సుమారు 101 చదరపు మీటర్లు కాబట్టి గంటకు 16 గుంటలన్న మాట. అదే 42 అంగుళాల డెక్ ఉన్న రైడింగ్ మూవర్ గంటకు 5 కిలోమీటర్ల వేగంతో పోతే, అన్నీ పోను 4,000 చదరపు మీటర్లు, అంటే దాదాపు ఎకరం కోస్తుంది.

ఇప్పుడు మీ స్థలం చూడండి. రెండెకరాల ఫామ్‌లో ఇల్లు, పార్కింగ్, బోరు, మామిడి మొక్కలు, కూరగాయల మడులు పోగా నిజంగా లాన్ ఎంత? చాలా చోట్ల వెయ్యి గజాలు దాటదు. అంటే ఎనిమిది గుంటల చిల్లర. తోసే మూవర్‌తో అరగంట పని. దానికి లక్షలు పోసి రైడింగ్ మిషన్ కొనడం దండగ. ఆ డబ్బులో చిన్న భాగంతో మంచి ఇంజిన్ ఉన్న, చక్రాలు తనంతట తానే నడిచే రకం మూవర్ వస్తుంది. అర ఎకరం దాటితే రైడింగ్ గురించి ఆలోచించడంలో అర్థముంది. లాన్ ఒక్కటే ఎకరం దాటితే అవసరమే అంటాను.

ఇంకో లెక్క ఉంది, దీన్ని ఎవరూ వేయరు. మన దగ్గర గడ్డి జోరుగా పెరిగేది తొలకరి నుంచి అక్టోబర్ దాకా, సుమారు ఇరవై వారాలు. అప్పుడు వారానికోసారి కోయాలి. మిగతా ముప్పై రెండు వారాలు బోరు నీళ్లు పెట్టినా రెండు వారాలకోసారి చాలు. ఎకరం లాన్‌కు కోతకు గంట చొప్పున ఏడాదికి 36 గంటలు. సరిగ్గా ఆయిల్ మార్చుకుంటూ వాడిన ఇంజిన్ వందల గంటలు నడుస్తుంది. అంటే మన ఇళ్లలో మూవర్ అరిగి పోదు, ఊరికే నిలబడి పోతుంది. ట్యాంకులో పెట్రోల్ పాడై, ఎలుకలు వైర్లు కొరికి, డెక్ కింద తడి గడ్డి అంటుకుని తుప్పు పట్టి పోతుంది. ఏడాదిలో ఎక్కువ కాలం షెడ్డులో ఉండి, బయటికి తీసిన రోజు ఒక్క కిక్కుతో స్టార్టయ్యే మిషనే మనకు నమ్మకమైన మిషన్. ఇక మీదట చెప్పేదంతా ఈ దృష్టితోనే చూడండి.

ఏ రకం

ముందర ఇంజిన్, మధ్యలో కోత డెక్, స్టీరింగ్ ఉన్నది లాన్ ట్రాక్టర్. ఎక్కువమందికి సరిపోయేది ఇదే. ఇంజిన్ సీటు వెనక ఉండి, 30 అంగుళాల చిల్లర డెక్‌తో వచ్చే చిన్న రైడర్లు గేట్లు ఇరుకుగా ఉన్న ఇళ్లకు బాగుంటాయి. జీరో టర్న్ రకానికి స్టీరింగ్ ఉండదు, రెండు చేతుల్లో రెండు లివర్లు ఉంటాయి, ఉన్న చోటే గిర్రున తిరుగుతుంది. చెట్లు, పూల మడులు ఎక్కువుంటే దాని పని చూడముచ్చటగా ఉంటుంది. కానీ దాని ముందు చక్రాలు ఊరికే దొర్లేవి. దిక్కు తిప్పేదీ, ఆపేదీ వెనక చక్రాలే. వాలు మీద, వదులు మట్టి మీద వెనక చక్రాలు జారితే ఇక చేతిలో ఏమీ ఉండదు. చెరువు గట్టు వైపో వాగు వైపో వాలుగా ఉన్న స్థలానికి జీరో టర్న్ వద్దు. డెక్ ముందు భాగాన ఉండి, నడుము దగ్గర వంగి తిరిగే రైడర్లు కూడా ఉన్నాయి. హస్క్‌వార్నా వాళ్లవి ఇందులో పేరున్నవి. బత్తాయి చెట్ల కొమ్మలు కిందికి వాలిన చోట డెక్ కొమ్మ కిందికి పోతుంది, మనిషి బయటే ఉంటాడు.

ఏ రకమైనా 15 డిగ్రీలకు మించిన వాలు మీద నడపకూడదని తయారీదార్లే రాస్తారు. పది అడుగుల దూరానికి రెండున్నర అడుగుల కంటే ఎక్కువ ఎత్తు పెరిగితే ఆ హద్దుకు వచ్చేసినట్టే. లాన్ ట్రాక్టర్‌ను వాలు మీద పైకీ కిందికీ నడపాలి, అడ్డంగా నడిపితే పల్టీ కొడుతుంది.

గేర్‌బాక్స్ దగ్గరే అసలు కథ

ఇప్పుడు వచ్చే రైడింగ్ మూవర్లలో ఎక్కువ భాగం హైడ్రోస్టాటిక్. క్లచ్ తొక్కి గేర్లు మార్చే పని లేదు, పెడల్ నొక్కిన కొద్దీ వేగం పెరుగుతుంది. లోపల జరిగేది ఇది: ఇంజిన్ నుంచి బెల్ట్ వచ్చి ఒక పంపును తిప్పుతుంది. ఆ పంపులోని పిస్టన్లు ఆయిల్‌ను ఒత్తిడితో ఒక మోటార్‌లోకి తోస్తాయి. ఆ మోటార్ వెనక ఇరుసును తిప్పుతుంది. మీరు పెడల్ నొక్కినప్పుడు పంపులోని ఒక పళ్లెం వంపు మారుతుంది, దాన్నిబట్టి ఎంత ఆయిల్ పోవాలో తేలుతుంది. అరుగుదల తక్కువ, నడపడం సుఖం. కానీ ఈ మొత్తం ఏర్పాటు ఆయిల్ చిక్కదనం మీద ఆధారపడి ఉంటుంది. ఆయిల్ వేడెక్కి పల్చబడితే సందుల్లోంచి వెనక్కి జారుకుంటుంది. అప్పుడు ఇంజిన్ హోరుమంటుంది గానీ బండి కదలదు.

అమెరికాలో ఇళ్ల కోసం అమ్మే 42 అంగుళాల ట్రాక్టర్లలో ఎన్నో బ్రాండ్లు ఒకే గేర్‌బాక్స్ వాడాయి. యన్మార్ గ్రూపుకు చెందిన టఫ్ టార్క్ కంపెనీ కే46 అది. పచ్చ రంగు బండి అయినా, ఎర్ర రంగు బండి అయినా కింద ఉండేది చాలాసార్లు అదే. చదును లాన్ మీద గడ్డి కోసినంత కాలం అది బాగానే పనిచేస్తుంది. వాలు ఎక్కించినా, వెనక ట్రాలీ కట్టి లాగించినా వేడెక్కుతుంది. దాని జబ్బు గుర్తుపట్టడం తేలిక. పొద్దున చల్లగా ఉన్నప్పుడు వాలు చక్కగా ఎక్కుతుంది, అరగంటో నలభై నిమిషాలో నడిచాక అదే వాలు దగ్గర చతికిలపడుతుంది. ఆయిల్ మార్చాలంటే యూనిట్ మొత్తం దించి తిరగేయాలి. అదే కంపెనీలో కే66 లాంటివి బరువు పనికి చేసినవి.

మన ఊళ్లలో ట్రాలీ కట్టకుండా ఉంటారా? బండి ఇంట్లో ఉందంటే పశువుల ఎరువు, ఏరిన రాళ్లు, డ్రిప్ పైపుల చుట్టలు అన్నీ దాని వెనకే పోతాయి. పైగా బయట 40 డిగ్రీలున్నప్పుడు గేర్‌బాక్స్ మీది చిన్న ప్లాస్టిక్ ఫ్యాన్ చల్లగాలి ఎక్కడి నుంచి తెస్తుంది? కాబట్టి డీలర్ దగ్గరికి పోగానే మొదట అడగాల్సింది గేర్‌బాక్స్ మోడల్ పేరు. చెప్పలేకపోతే బండి కిందికి వంగి, దాని మీది స్టిక్కర్ ఫోటో తీసుకోండి. ఆయిల్ మార్చుకునే వీలున్న యూనిట్ అయితే మంచిది. ఎంత బరువు లాగొచ్చని మాన్యువల్‌లో రాశారో చూడండి, ఆ అంకెలో సగమే మీ ఎండాకాలపు హద్దు అనుకోండి. లాగుడు పని ఖాయంగా ఉంటుందనుకుంటే మామూలు గేర్ల బండి దొరికితే దాన్ని తక్కువ చేసి చూడకండి. నడపడం కొంచెం మోటు. అయినా ట్రాక్టర్ గేర్‌బాక్స్ విప్పే ఏ మెకానిక్ అయినా దాన్ని బాగుచేస్తాడు.

నడిపే మనిషికి ఒక మాట తప్పకుండా చెప్పాలి. ఆ ఫ్యాన్ చుట్టూ, గేర్‌బాక్స్ పైన పేరుకున్న గడ్డిని ప్రతిసారీ బ్రష్‌తో దులపాలి. ఐదు నిమిషాల పనే గానీ గేర్‌బాక్స్ ఆయుష్షు పెంచేది అదే.

డెక్ కింద చెయ్యి పెట్టి చూడాలి

కోత బ్లేడు కొన వేగానికి అమెరికా ప్రమాణాల్లో ఒక హద్దు ఉంది: నిమిషానికి 19,000 అడుగులు. మన లెక్కలో గంటకు దాదాపు 350 కిలోమీటర్లు. ఆ వేగంలో గులకరాయి తగిలితే అది రాయిగా ఉండదు, తూటా అవుతుంది. చల్కా నేలలో ఒక వాన పడిందంటే మట్టి కొట్టుకుపోయి కింది రాళ్లు పైకి తేలుతాయి. అందుకే కొత్తగా లాన్ వేసినవాళ్లు మొదటి రెండు వానాకాలాలు, కోతకు ముందు ప్రతిసారీ స్థలమంతా ఒకసారి నడిచి రాళ్లు ఏరాలి. పక్కకు గడ్డి చిమ్మే చోట ఉండే రబ్బరు లేదా ప్లాస్టిక్ రేకు అడ్డంగా ఉందని కొందరు ఊడదీస్తారు. ఆ పని మాత్రం చేయకండి. పిల్లలు వరండాలో ఆడుకునే ఇంట్లో ఆ రేకే ప్రాణాలకు రక్ష.

డెక్‌లు రెండు రకాలు. ఒకే రేకును అచ్చులో నొక్కి తీసేవి, మందపాటి రేకులు కోసి వెల్డింగ్ చేసేవి. రేకు మందాన్ని గేజ్‌లో చెప్తారు, గేజ్ అంకె తగ్గిన కొద్దీ రేకు మందం పెరుగుతుంది. 12 గేజ్ అంటే సుమారు 2.7 మిల్లీమీటర్లు, 10 గేజ్ అంటే 3.4. రాళ్లున్న నేలకు వెల్డింగ్ డెక్, 10 లేదా 11 గేజ్ అయితే మంచిది. అచ్చు డెక్ అంత పనికిమాలినదేం కాదు, తేలిగ్గా ఉంటుంది, గడ్డిని లోపల బాగా తిప్పుతుంది. మెత్తటి లాన్‌కు అదే చాలు.

రేకు కంటే ముఖ్యమైనది స్పిండిల్. బ్లేడును పట్టుకుని తిరిగే నిలువు ఇరుసు, దాని చుట్టూ ఉండే హౌసింగ్ కలిపి స్పిండిల్ అంటారు. 42 అంగుళాల డెక్‌కు ఇవి మామూలుగా రెండుంటాయి. వాడిన బండి కొంటుంటే ఇంజిన్ ఆపి, స్పార్క్ ప్లగ్ వైరు ఊడదీసి, చేతికి మందపాటి గ్లవ్స్ వేసుకుని, డెక్ కిందికి చెయ్యి పోనివ్వండి. బ్లేడు రెండు కొనలు పట్టుకుని పైకీ కిందికీ ఊపండి. అటూ ఇటూ కదిలితే బేరింగ్ అరిగింది. మెల్లగా తిప్పండి. చప్పుడు లేకుండా బరువుగా తిరగాలి. ఇసుక నలిగినట్టు గరగర వినబడితే ఆ బేరింగ్ ఆయుష్షు అయిపోయినట్టే. బ్లేడు ఒక కొన నేలకు ఎంత ఎత్తులో ఉందో కొలిచి, బ్లేడును సగం తిప్పి రెండో కొన కొలవండి. తేడా కనబడితే బ్లేడు వంగిందో, ఇరుసు వంగిందో. ఇరుసు వంగితే అది ఎప్పుడో గట్టి రాయికి తగిలిన బండి.

ఈ బేరింగ్‌ల విషయంలో మనకు ఒక మంచి మార్గం ఉంది. చాలా స్పిండిళ్లలో వాడేవి 6203, 6204, 6205 లాంటి మామూలు సైజులే. నల్లగొండలోనో మహబూబ్‌నగర్‌లోనో మోటార్ వైండింగ్ సామాన్లు అమ్మే షాపుకు పోతే చేతికి ఇచ్చేస్తారు. కొన్ని అమెరికా బండ్లలో మాత్రం లోపలి రంధ్రం అంగుళాల కొలతలో ఉంటుంది, అది ఇక్కడ దొరకదు. కొనేముందే బేరింగ్ నంబర్ అడిగి రాసుకోండి. హౌసింగ్‌కు గ్రీజు కొట్టే నిపుల్ ఉందో లేదో కూడా చూడండి.

బెల్ట్ సంగతి వేరు. మన పిండి మిల్లులకు, మోటార్లకు వాడే ‘A’ సెక్షన్ బెల్ట్ కొలత సరిపోతే మూవర్‌కు ఎక్కుతుంది. కానీ మూవర్‌లో బెల్ట్‌ను లివర్‌తో బిగించీ వదిలీ క్లచ్‌లా వాడతారు. ఆ ఒరిపిడికి తట్టుకోవడానికి దాని బెల్ట్‌లో అరమిడ్ అనే గట్టి దారం వేస్తారు. మామూలు బెల్ట్ ఆ రోజుకు గట్టెక్కిస్తుంది, త్వరలోనే కాలి దారాలు లేస్తుంది. ‘సార్, బెల్ట్ తెగింది, గడ్డి మోకాలి దాకా వచ్చింది’ అని తోట చూసుకునే మనిషి ఫోన్ చేసేది ఎప్పుడూ ఆగస్టులోనే. బండితో పాటే ఒరిజినల్ బెల్ట్‌లు రెండు కొని షెడ్డులో చీకటి చోట వేలాడదీయండి.

గడ్డి రకం కూడా డెక్‌తో ముడిపడిందే. మన దగ్గర ఎక్కువగా వేసేది గరిక జాతి సెలెక్షన్ 1, లేదంటే మెక్సికన్ గడ్డి. గరికను ఒకటి, ఒకటిన్నర అంగుళాలకు కోస్తే పరుపులా అవుతుంది. రైడింగ్ డెక్ చాలావరకు ఒకటిన్నర కంటే కిందికి దిగదు, దిగినా ఎగుడుదిగుడు నేల మీద మట్టిని గీకేస్తుంది. రెండు అంగుళాల దగ్గర పెట్టుకోండి. గడ్డి పొడవులో మూడో వంతు కంటే ఎక్కువ ఒకేసారి కోయకూడదు, కోస్తే వేర్లు బలహీనపడి ఆ ఖాళీలోకి తుంగ, వయ్యారిభామ దూరతాయి. మెక్సికన్ గడ్డి గుబ్బలు గుబ్బలుగా పెరుగుతుంది. దాని మీద రైడింగ్ మూవర్ నడిపితే గుబ్బల నెత్తి బోడి అవుతుంది. ఆ గడ్డి వేసినవాళ్లు ఈ మిషన్ కొనకపోవడమే మేలు.

ఇంజిన్, ఎండ, దుమ్ము

ఇంజిన్ గురించి ఎక్కువ చెప్పను. 1908లో మొదలైన బ్రిగ్స్ అండ్ స్ట్రాటన్, కవాసాకి, కోహ్లర్, హోండా... ఈ పేర్లలో ఏదున్నా ఏడాదికి 36 గంటల పనికి ఢోకా లేదు. ఆయిల్‌ను పంపుతో ఒత్తిడిగా పంపే, ఆయిల్ ఫిల్టర్ ఉన్న ఇంజిన్ అయితే చాలు. రెండు సిలిండర్ల ఇంజిన్‌లో వణుకు తక్కువ, దాంతో బోల్టులు వదులవడం కూడా తక్కువ.

ఇవన్నీ చాలావరకు గాలితో చల్లబడే ఇంజిన్లు. పైన మూత కింద ఉన్న ఫ్యాన్ గాలిని సిలిండర్ రెక్కల మీదికి తోస్తుంది. ఆ రెక్కల మధ్య ఎండు గడ్డి ఇరుక్కుంటే, ఎలుక గూడు కడితే ఇంజిన్ ఎక్కడికక్కడ కాలిపోతుంది. వానాకాలం మొదట్లో ఒకసారి ఆ మూత విప్పి శుభ్రం చేయించండి. ఎయిర్ ఫిల్టర్ 25 గంటలకోసారి చూడమని మాన్యువల్‌లో ఉంటుంది, మన ఎర్ర దుమ్ముకు ఆ గడువు సగానికి తగ్గించాలి. ఆయిల్‌లోనూ మన ఎండ లెక్కలోకి వస్తుంది. 27 డిగ్రీలు దాటిన చోట 10డబ్ల్యూ30 రకం ఆయిల్ వాడితే ఇంజిన్ దాన్ని ఎక్కువ తాగొచ్చని బ్రిగ్స్ మాన్యువల్ చెబుతుంది, అలాంటి చోట ఎస్ఏఈ 30 వాడమంటుంది. మనకు ఏడాదిలో ఎక్కువ రోజులు 27 డిగ్రీల పైనే. కొత్త బండికి మొదటి ఐదు నుంచి ఎనిమిది గంటల్లోనే ఆయిల్ మార్చాలి, ఆ తర్వాత మాన్యువల్ ప్రకారం 50 గంటలకో 100 గంటలకో. గంటలు నిండకపోయినా ఏడాదికోసారి తప్పదు.

పెట్రోల్ సంగతి ఎవరూ చెప్పరు

2025 నాటికి మన బంకుల్లో 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలే మామూలైంది. అమెరికా నుంచి వచ్చే మూవర్ ఇంజిన్ల మాన్యువల్స్ తెరిచి చూడండి. బ్రిగ్స్, కవాసాకి, కోహ్లర్ మూడూ 10 శాతం ఇథనాల్ వరకే ఒప్పుకుంటాయి. ఈ తేడా చిన్నది కాదు. ఇథనాల్‌లో ఆక్సిజన్ ఉంటుంది కాబట్టి కార్బురేటర్ కలిపే మిశ్రమం పల్చనవుతుంది. కారులో సెన్సార్లు దాన్ని సర్దుకుంటాయి, మూవర్ కార్బురేటర్‌కు ఆ తెలివి లేదు. దాంతో ఇంజిన్ మామూలు కంటే వేడిగా నడుస్తుంది. ఇథనాల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. ట్యాంకులో నెలల తరబడి నిలవ ఉంటే నీళ్లు కింద చేరి తుప్పు, కార్బురేటర్ సన్నటి రంధ్రాల్లో జిగురు, పాత రకం రబ్బరు పైపుల్లో పగుళ్లు వస్తాయి. షెడ్డులో నిలబడి పాడయ్యే మిషన్లు ఎక్కువగా ఈ దారినే పోతాయి.

కాబట్టి డీలర్‌ను అడగండి, ఈ ఇంజిన్‌కు 20 శాతం ఇథనాల్ పెట్రోల్ వాడొచ్చని కాగితం మీద రాసిస్తారా అని. వారంటీ గొడవ వచ్చిన రోజు ఆ కాగితమే పనికొస్తుంది. ఇండియాలో అమ్మకానికి తయారైన ఇంజిన్ ఉన్న మోడల్ దొరికితే దానికి మొగ్గు చూపండి. ఏది కొన్నా, ట్యాంకులో నెలకు మించి పెట్రోల్ ఉంచకండి. దసరా తర్వాత కోతలు తగ్గాయంటే ట్యాంకు ఖాళీ చేసి, పెట్రోల్ కాక్ మూసి, ఇంజిన్ తనంతట తాను ఆగేదాకా నడిపించండి. కార్బురేటర్ ఎండిపోవాలి.

బ్యాటరీ రైడర్లకు ఈ బాధ లేదు. కానీ బ్యాటరీ ప్యాక్‌కు ఏదైనా అయితే విప్పి చూసే మెకానిక్ జిల్లాలో లేనంత కాలం వాటిని తొందరపడి కొనమని నేను చెప్పలేను. రేకుల షెడ్డులో మే నెల వేడి ఆ ప్యాక్‌లకు అసలు మంచిది కాదు.

ముళ్లు, సీటు స్విచ్

లాన్ మూవర్ టైర్లు గడ్డిని నలపకుండా మెత్తగా, పల్చగా చేస్తారు. సర్కారు తుమ్మ ముల్లు వాటిలోకి వెన్నలోకి కత్తి దిగినట్టు దిగుతుంది. పల్లేరు కాయలూ అంతే. కొన్న వెంటనే నాలుగు టైర్లలో పంక్చర్ సీలెంట్ పోయించండి, లేదా ట్యూబులు వేయించండి. గాలి ఎంత ఉండాలో మాన్యువల్‌లో చూసి అంతే పెట్టాలి, నాలుగు చక్రాల్లో తేడా ఉంటే డెక్ ఒక పక్కకు వాలి కోత మెట్లు మెట్లుగా వస్తుంది.

సీటు కింద ఒక స్విచ్ ఉంటుంది. మనిషి లేచిన వెంటనే ఇంజిన్ ఆగి, బ్లేడు కొన్ని సెకన్లలో నిలిచిపోతుంది. దుమ్ము చేరి ఆ స్విచ్ మొరాయించినప్పుడు వైరు కలిపేసి పని కానిచ్చేస్తుంటారు. దయచేసి ఆ పని చేయనివ్వకండి. డెక్‌లో గడ్డి ఇరుక్కుందని దిగి చెయ్యి పెట్టే మనిషి మీ దగ్గర జీతానికి పనిచేసే మనిషి. వేళ్లు పోతే ఆ కుటుంబం గతి ఏమిటి? స్విచ్ ఖరీదు వందల్లో ఉంటుంది. పిల్లల్ని ఒళ్లో కూర్చోబెట్టుకుని నడపడం కూడా అలాంటిదే.

పేరు చూసి మోసపోవద్దు

బ్రాండ్ పేరుకు, స్పేర్ పార్టులకు ఎప్పుడూ సంబంధం ఉంటుందనుకోవద్దు. ఈ పరిశ్రమలో యజమానులు గబగబా మారుతున్నారు. బ్రిగ్స్ అండ్ స్ట్రాటన్ 2020లో దివాలా పిటిషన్ వేసి కొత్త యజమానుల చేతికి వెళ్లింది. కబ్ కెడెట్ బండ్లు చేసే ఎమ్‌టీడీని 2021లో స్టాన్లీ బ్లాక్ అండ్ డెకర్ కొనేసింది. హోండా 2023లో అమెరికాలో లాన్ మూవర్ల తయారీ ఆపేసింది. బండి బాగుందా లేదా అన్నదాని కంటే, పదేళ్ల తర్వాత దాని స్పిండిల్ హైదరాబాద్‌లో దొరుకుతుందా అన్నదే మన ప్రశ్న. డీలర్ కౌంటర్ దగ్గర నిలబడి మూడు సామాన్లు చూపించమనండి: కోత బెల్ట్, ఒక స్పిండిల్ అసెంబ్లీ, ఒక జత బ్లేడ్లు. ఆర్డర్ పెడితే వస్తాయంటే వాళ్ల దగ్గర లేవని అర్థం. అరలోంచి తీసి బల్ల మీద పెట్టిన డీలర్ దగ్గర పది వేలు ఎక్కువైనా కొనొచ్చు. బండి చెడిపోతే ఎవరు వస్తారు, నల్లగొండ దాకా రావడానికి ఎంత తీసుకుంటారు, బండిని హైదరాబాద్ పంపాలంటే ఆటో ట్రాలీ ఖర్చు ఎవరిది... ఇవి మొహమాటం లేకుండా అడగాలి.

గడ్డి తోటలోదైతే

చాలామంది లాన్ అని చెప్పి చూపించేది నిజానికి బత్తాయి తోటలోనో మామిడి తోటలోనో సాళ్ల మధ్య మొలిచిన గడ్డి. దానికి రైడింగ్ మూవర్ సరైన పనిముట్టు కాదు. మోకాలెత్తు గడ్డి, కలుపు, ఎండు కొమ్మలు, డ్రిప్ పైపులు కలగలిసిన చోట దాని బెల్ట్ రోజూ తెగుతుంది. దాదాపు అదే ధరకు 15 నుంచి 18 హెచ్‌పీ మినీ ట్రాక్టర్ వస్తుంది. మహీంద్రా యువరాజ్, వీఎస్‌టీ శక్తి లాంటివి తోట సాళ్లలో తిరిగేవే. వెనక స్లాషర్ తగిలిస్తే గడ్డి కోస్తుంది, రోటవేటర్ తగిలిస్తే దున్నుతుంది, మందు కొడుతుంది, ట్రాలీ లాగుతుంది. డీజిల్ కాబట్టి ఇథనాల్ గొడవ లేదు. దాన్ని విప్పే మెకానిక్ మండల కేంద్రంలోనే ఉంటాడు. లోపం ఒకటే, ముప్పావు టన్ను దాకా బరువుండి, గాట్ల టైర్లతో మెత్తటి లాన్ మీద గాళ్లు పెడుతుంది. తోటకు మినీ ట్రాక్టర్, ఇంటి ముందు పది గుంటల లాన్‌కు తోసే మూవర్... ఈ జంట చాలా ఫామ్‌లకు ఒక్క రైడింగ్ మూవర్ కంటే బాగా ఉపయోగపడుతుంది.

ఇవన్నీ చూసుకున్నాక కూడా రైడింగ్ మూవరే కావాలని తేలితే, కొనడానికి మంచి సమయం జూలై. గడ్డి పెరిగి ఉంటుంది కాబట్టి షోరూమ్ టైల్స్ మీద కాకుండా మీ స్థలంలోనే డెమో అడగండి. రానూపోనూ ఖర్చు మీరే ఇస్తామనండి. పదకొండు గంటల ఎండలో నలభై నిమిషాలు ఆపకుండా కోయించి, గేర్‌బాక్స్ బాగా వేడెక్కాక మీ స్థలంలో ఉన్న ఎత్తయిన వాలు మీదికి ఎక్కించమనండి. మధ్యలో ఆపి, మళ్లీ కదిలించమనండి. కదిలితే బేరం మొదలుపెట్టండి.